సాధారణ పట్టా, ప్రత్యేక పట్టా: భారతీయ నిర్వహణ విద్య - చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:
సాధారణ వ్యాపార నిర్వహణ పట్టాకు ప్రత్యామ్నాయంగా ఒక రంగానికి పరిమితమైన స్నాతకోత్తర కోర్సులు మన దేశంలో ఎందుకు ఏర్పడ్డాయి, వాటిలో ఏవి తమ ప్రత్యేకతను నిలుపుకోగలిగాయి అన్న అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కార్మిక సంక్షేమం, గ్రామీణ నిర్వహణ, ప్రభుత్వ రంగం అనే మూడు సందర్భాలను ఆధారంగా తీసుకుని, ప్రత్యేక పట్టా మనుగడ పాఠ్యప్రణాళికపై కన్నా దాని కోసం సమాజం కేటాయించిన స్థానంపైనే ఎక్కువగా ఆధారపడిందని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: నిర్వహణ విద్య, ఎం.బి.ఏ., గ్రామీణ నిర్వహణ, సహకారోద్యమం, కార్మిక సంక్షేమం.

1. ఉపోద్ఘాతం:
డిగ్రీ ముగించిన విద్యార్థి ఎం.బి.ఏ.లో చేరడమా, ఒక రంగానికే చెందిన స్నాతకోత్తర విద్యను ఎంచుకోవడమా అన్నది వ్యక్తిగత అభిరుచికి సంబంధించిన విషయంగానే సాధారణంగా చర్చకు వస్తుంది. కానీ ఆ రెండు దారులూ విద్యార్థి పుట్టకముందే ఏర్పడినవి. ఏ దారి ఎక్కడికి చేరుస్తుందో నిర్ణయించినవి చట్టాలు, ఉద్యమాలు, ప్రభుత్వ విధానాలు. కాబట్టి ఈ ఎంపికకు ఒక చరిత్ర ఉంది.

2. సాధారణ పట్టా - దాని పునాది:
ఎం.బి.ఏ. 1908లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. మన దేశంలో 1953లో కలకత్తాలో సాంఘిక సంక్షేమ, వ్యాపార నిర్వహణ సంస్థ ఏర్పడింది. 1957లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రారంభించిన కోర్సును దేశంలోని తొలి పూర్తికాల ఎం.బి.ఏ.గా పేర్కొంటారు. 1961లో కలకత్తా, అహ్మదాబాదులలో భారతీయ నిర్వహణ సంస్థలు వెలిశాయి. వాటిలో మొదటిదానికి మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ, రెండవదానికి హార్వర్డ్ తోడ్పడ్డాయి.

ఈ విద్యకు మూలమైన విశ్వాసం ఒకటే: లెక్కలు, ఉత్పత్తి, విపణి, సిబ్బంది అనే విషయాల సూత్రాలు తెలిసినవారు ఏ సంస్థనైనా నడపగలరు. అయితే ఆ సూత్రాలు ప్రధానంగా వాటాదారుల యాజమాన్యంలోని కంపెనీల అనుభవం నుండి రూపొందినవి. అందువల్ల ‘సాధారణం’ అని పేరు పొందిన పట్టా కూడా ఒక విధంగా ప్రత్యేక పట్టాయే; దాని ప్రత్యేక రంగం కంపెనీ.

3. చట్టం కల్పించిన స్థానం:
ప్రత్యేక విద్య ఎం.బి.ఏ.కు ప్రతిస్పందనగా మాత్రమే పుట్టలేదు. 1936లోనే బొంబాయిలో టాటా ధర్మనిధి సాయంతో సాంఘిక సేవా విద్యాలయం ప్రారంభమైంది. అదే తరువాత టాటా సామాజిక శాస్త్రాల సంస్థ అయింది. 1949లో జంషెడ్‌పూర్‌లో స్థాపితమైన జేవియర్ సంస్థ కార్మిక సంబంధాల అధ్యయనానికి ప్రాముఖ్యమిచ్చింది.

ఈ విద్యకు బలం చేకూర్చినది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం. అయిదు వందలు, అంతకు మించి కార్మికులు పనిచేసే ప్రతి కర్మాగారంలో సంక్షేమాధికారులను నియమించాలని ఆ చట్టంలోని 49వ సెక్షన్ నిర్దేశించింది. వారి అర్హతలను నిర్ణయించే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. ఆ విధంగా ఒక చదువుకు తగిన ఉద్యోగాన్ని చట్టమే నిలిపి ఉంచింది.

4. ఆనంద్ ప్రయోగం:
గ్రామీణ నిర్వహణ విద్యకు అటువంటి చట్టబలం లేదు. దానికి ఆధారం సహకారోద్యమం. 1946లో త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలో ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సంఘం ఏర్పడింది. 1949లో ఆనంద్ చేరిన వర్గీస్ కురియన్ స్వయంగా ఇంజనీరు. 1970లో క్షీరవిప్లవ పథకం ప్రారంభమై ఆ నమూనా ఇతర రాష్ట్రాలకు విస్తరించడంతో, దానిని నడిపే నిర్వాహకుల అవసరం పెరిగింది.

ఇక్కడ సాధారణ పట్టా సూత్రం తిరగబడుతుంది. కంపెనీకి పాలు ముడిసరుకు. ఎంత చౌకగా కొంటే అంత లాభం. సహకార సంఘంలో పాలు పోసే రైతే యజమాని. ఆమెకు దక్కే ధర పెరగడమే సంస్థ విజయం. రోజుకు రెండు పూటలా, ఒకటి రెండు లీటర్ల చొప్పున వేలాది ఇళ్ల నుండి వచ్చే పాలను సేకరించడం, వెన్న శాతాన్ని బట్టి ధర కట్టడం, సంఘం ఎన్నికలను, గ్రామంలోని కుల సమీకరణాలను అర్థం చేసుకోవడం ఈ నిర్వాహకుని పనులు. 1979లో ఆనంద్‌లో గ్రామీణ నిర్వహణ సంస్థను నెలకొల్పడంలో కురియన్ ఉద్దేశం ఇటువంటివారిని తయారుచేయడమే. విద్యార్థులు గ్రామంలో నివసించి అధ్యయనం చేయడం అక్కడి చదువులో భాగమైంది.

అయితే పట్టా ప్రత్యేకమైనంత మాత్రాన పట్టభద్రుడు ఆ రంగంలోనే నిలవడు. సహకార సంఘాలు ఇచ్చే జీతం కంపెనీల జీతంతో పోటీపడలేదు. 1991 తరువాత ఆ అంతరం మరింత పెరిగింది. బ్యాంకులు, సూక్ష్మరుణ సంస్థలు, గ్రామీణ విపణిని ఆశించే కంపెనీలు కూడా ఈ పట్టభద్రులను తీసుకున్నాయి. 2025లో పార్లమెంటు చట్టం ద్వారా ఈ సంస్థ త్రిభువన్ సహకార విశ్వవిద్యాలయంగా మారింది. తొలి ఉద్దేశాన్ని పేరులో తిరిగి స్థాపించిన చర్య ఇది; ఆచరణలో దాని ఫలితం సంఘాల ఆర్థిక స్థితిని బట్టి ఉంటుంది.

5. ప్రత్యేకత సాధారణంలో కలిసిన సందర్భం:
1973లో బెంగళూరు భారతీయ నిర్వహణ సంస్థను ప్రభుత్వ రంగ అవసరాలను దృష్టిలో ఉంచుకొని స్థాపించారు. అయితే అది క్రమంగా ఇతర నిర్వహణ సంస్థల వలెనే సాధారణ వ్యాపార విద్యకు ప్రసిద్ధి చెందింది. ప్రభుత్వ రంగం పట్ల రాజ్య విధానం మారిన కాలంలో దాని కోసమే నిర్వాహకులను తీర్చిదిద్దే లక్ష్యం నిలవడం కష్టం.

6. తెలుగునాట:
తెలుగు ప్రాంతంలో ఈ రెండు ధారలూ ఉన్నాయి. విశాఖపట్టణంలో 1957 నాటి ఎం.బి.ఏ. మొదటిదానికి ప్రతినిధి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో 1987లో ఏర్పడిన జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ (మేనేజ్) రెండవదానికి ప్రతినిధి. అక్కడి వ్యవసాయ వ్యాపార నిర్వహణ కోర్సు వ్యవసాయ, అనుబంధ శాస్త్రాల పట్టభద్రులకు ఉద్దేశించినది. విషయజ్ఞానం మీద నిర్వహణజ్ఞానాన్ని నిలపడం దాని పద్ధతి; సాధారణ ఎం.బి.ఏ. ఏ విషయం చదివినవారినైనా స్వీకరిస్తుంది.

7. ముగింపు:
సంక్షేమాధికారి చదువును చట్టం నిలిపింది. గ్రామీణ నిర్వహణను ఉద్యమం పుట్టించింది కానీ పూర్తిగా తన వద్ద నిలుపుకోలేకపోయింది. ప్రభుత్వ రంగ నిర్వహణను విధానం తెచ్చింది, విధానంలోని మార్పే దానిని సాధారణ విద్యలో కలిపింది. ప్రత్యేక పట్టాను ఎంచుకొనే విద్యార్థి నిజానికి ఒక రంగం భవిష్యత్తును నమ్ముతున్నాడు. కొత్త ప్రత్యేక కోర్సులను రూపొందించే విశ్వవిద్యాలయాలు పాఠ్యాంశాలతో పాటు, ఆ పట్టా కోసం ఏ సంస్థలో ఏ కుర్చీ ఖాళీగా ఉందో కూడా చూడవలసి ఉంది. లేనిచో ప్రత్యేకత పట్టా మీది పేరులో మాత్రమే మిగులుతుంది; ఆ భారాన్ని మోసేది విద్యార్థి.