ఢిల్లీకి వచ్చిన హైదరాబాద్ పోలీసులు

1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించింది. కదిలింది సైన్యమే అయినా ఢిల్లీ దానికి 'పోలీసు చర్య' అని పేరు పెట్టింది. రెండేళ్లు తిరిగేసరికి హైదరాబాద్ నుంచి ఢిల్లీకి నిజమైన పోలీసులే వచ్చారు, డ్యూరాండ్ కప్పు ఆడటానికి. 1888లో సిమ్లాలో పుట్టి, 1940లో ఢిల్లీకి మారి, మధ్యలో ఆగిపోయిన ఆ పోటీ 1950లో మళ్లీ మొదలైంది. మోహన్ బగాన్‌ను ఓడించి ఆ ఏడాది కప్పు పట్టుకుపోయింది హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు.

ఆ జట్టులో ముస్లిం యువకులే ఎక్కువ. సంస్థానం విలీనమైనప్పుడు జరిగిన హింసలో 27 వేల నుంచి 40 వేల మంది వరకు చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు వెలుగులోకి రానీయలేదు. పాత కొలువులు పోయి, విధేయతను అడుగడుగునా నిరూపించుకోవలసి వచ్చిన కాలమది. అలాంటి రోజుల్లో ఒక పోలీసు ఉద్యోగం, దానితోపాటు ఒక జత బూట్లు అంటే ఏమిటో ఊహించవచ్చు. విలీన చరిత్ర రాసినవారు పటేల్, మున్షీ, రజ్వీల దగ్గరే ఆగిపోతారు. ఈ కుర్రాళ్లకు అందులో ఒక పాదసూచిక కూడా దక్కలేదు.

జట్టును తీర్చిదిద్దినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి, 1950 నుంచి పోలీసు జట్టు శిక్షకుడు. డ్రిబ్లింగ్ చేయకుండా ఆడాలని ఒక పోటీ, వాటం లేని కాలితోనే తన్నాలని మరో పోటీ పెట్టేవారు. బొంబాయిలో రోవర్స్ కప్పును ఆయన జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలిచింది. ఢిల్లీలో డ్యూరాండ్‌ను 1954లోనూ, 1957లోనూ మళ్లీ అందుకుంది. 1951లో ఇదే ఢిల్లీ నేషనల్ స్టేడియంలో భారత జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి తొలి ఆసియా క్రీడల స్వర్ణం గెలిచినప్పుడు శిక్షకుడు రహీమే.

అమెరికా ఫుట్‌బాల్‌లో బంతిని చంకన పెట్టుకుని ఎదుటివారి గోడను చీల్చుకుపోయేవాణ్ణి రన్నింగ్ బ్యాక్ అంటారు. మన ఆటలో ఆ పని కాళ్లతో చేయాలి. వెనుక నుంచి బంతిని ముందుకు మోసుకొచ్చే అలాంటి ఆటగాళ్లంటేనే నాకు మక్కువ. గోల్ కొట్టినవాడి పేరు పత్రికలు ఎలాగూ రాస్తాయి.

నా జాబితాలో మొదటి పేరు నూర్ మొహమ్మద్, హాఫ్ బ్యాక్. 1952 హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 10-1తో చితికిపోయిన జట్టులోనూ, నాలుగేళ్ల తరువాత మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానానికి చేరిన జట్టులోనూ ఆయన ఉన్నారు. అంత అవమానం తరువాత అదే చొక్కా వేసుకుని ఒలింపిక్స్‌కు తిరిగి వెళ్లడం సామాన్యమైన విషయం కాదు. ఫుల్ బ్యాక్ అజీజుద్దీన్‌దీ అదే ప్రయాణం. తరువాత యూసుఫ్ ఖాన్: 1960 రోమ్ ఒలింపిక్స్, 1962 జకార్తా స్వర్ణం. ఎక్కడ నిలబెడితే అక్కడ ఆడగల మనిషి.

తులసీదాస్ బలరాం బ్యాక్ కాదు, ఫార్వర్డ్. అయినా ఆయన లేకుండా ఈ జాబితా నాకు సాగదు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టి, రహీం చేతుల్లో ఎదిగి, 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయారు. రోమ్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ చేశారు. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం అని ఆ కాలపు త్రయాన్ని ఒక్క ఊపిరిలో చెబుతారు. మొదటి ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. బలరాం 2023లో బెంగాల్‌లో కన్నుమూసేదాకా ఆయనకు రాలేదు. పద్మ జాబితాల కోసం ఢిల్లీలో ఏయే తలుపులు తట్టాలో తెలిసిన తెలుగు నాయకులకు ఆ దశాబ్దాల్లో కొరత లేదు. ఈయన కోసం గట్టిగా పట్టుబట్టినవారే కనబడరు.

ధౌలా కువాన్ ప్రాంతపు తెలుగువారికి 1961 అంటే తిరుమల తిరుపతి దేవస్థానం ఇక్కడ శ్రీ వెంకటేశ్వర కళాశాలను స్థాపించిన సంవత్సరం. ఆ ఏటి డ్యూరాండ్ విజేత కూడా మనవాళ్లే. కాకపోతే రాష్ట్రం మారింది గనుక పేరు 'ఆంధ్ర పోలీసు' అయింది. కళాశాల నిలిచింది, పక్క మెట్రో స్టేషన్‌కు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరూ దక్కింది. జట్టు సంగతి అలా కాలేదు. జకార్తా స్వర్ణం గెలిచిన మరుసటి ఏడాదే, 1963 జూన్ 11న, రహీం క్యాన్సర్‌తో మరణించారు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తరువాత అది తెలుగు నేలకు రానేలేదు.

రహీం లేకపోవడం ఒక్కటే దీనికి కారణమంటే నేను ఒప్పుకోను. కలకత్తా క్లబ్బులు డబ్బిచ్చాయి, అక్కడి రైల్వేలు ఉద్యోగాలిచ్చాయి. మన ప్రభుత్వాలు మాత్రం ఆటను పోలీసు శాఖ సొంత వ్యవహారంగా వదిలేశాయి. 1970 బ్యాంకాక్ కాంస్యం గెలిచిన భారత జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాదీయే. 1977లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద ఈడెన్ గార్డెన్స్‌లో గోల్ చేసిన మొహమ్మద్ హబీబూ హైదరాబాదీయే, వేసుకున్నది మోహన్ బగాన్ చొక్కా.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. 2025లో యాజమాన్యం దాన్ని ఢిల్లీకి తరలించి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చింది. ఈసారి హైదరాబాద్ జట్టు ఢిల్లీకి వచ్చింది కప్పు కోసం కాదు. రెండు తెలుగు శాసనసభల్లో దాని మీద గంటసేపు చర్చ కూడా జరగలేదు.