అల్లిక నమూనాకు కర్త ఎవరు? ఎలిజబెత్ జిమ్మర్‌మన్ కృషి – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: ఊలు అల్లికలో నమూనాను రాసేవారికీ, దాన్ని చదివి అల్లేవారికీ మధ్య నిర్ణయాధికారం ఎలా మారుతూ వచ్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అచ్చులోకి వచ్చిన తొలి నమూనా పుస్తకాలనూ, ఊలు కంపెనీల ప్రచురణలనూ నేపథ్యంగా తీసుకొని, అమెరికాలో స్థిరపడిన రూపకర్త ఎలిజబెత్ జిమ్మర్‌మన్ (1910–1999) పద్ధతిని వివరిస్తుంది. కూలికోసం జరిగే అల్లికతో పోల్చి ఆ పద్ధతి పరిధిని చర్చిస్తుంది.

కీలకపదాలు: ఊలు అల్లిక, నమూనా, అనుసరణ, కర్తృత్వం, ఎలిజబెత్ జిమ్మర్‌మన్, బోహస్, నరసాపురం లేసు.

ఉపోద్ఘాతం

తెలుగులో ‘అల్లిక’ విస్తృతార్థం గల పదం. బుట్టను అల్లుతారు, జడను అల్లుతారు, వలను అల్లుతారు, కవితనూ అల్లుతారు. ఈ విస్తృతి అందమైనదే గాని, సాంకేతిక చర్చలో చిక్కు తెచ్చిపెడుతుంది. రెండు సూదులతో ఊలుదారాన్ని అల్లి స్వెటర్ చేసే నిట్టింగ్‌నూ, ఒకే కొక్కెపు సూదితో లేసు చేసే క్రోషేనూ మనం ఒకే మాటతో పిలుస్తాం. నిజానికి ఇవి వేర్వేరు విద్యలు. నిట్టింగ్‌లో ఒక వరుసలోని కుట్లన్నీ సూదిమీద తెరిచి ఉంటాయి. క్రోషేలో సాధారణంగా ఒక్క ఉచ్చు మాత్రమే తెరిచి ఉంటుంది. ఈ వ్యాసంలో ‘ఊలు అల్లిక’ అన్న చోట నిట్టింగ్ అనే గ్రహించాలి.

ఊలు అల్లిక చాలాకాలం చేతినుంచి చేతికి అందిన విద్య. తల్లి చేతులను చూసి కూతురు నేర్చుకొనేది. అది కాగితం మీదికి ఎక్కిన తరవాత ఒక కొత్త సంబంధం ఏర్పడింది: ఎక్కడో ఉన్న ఒకరు రాస్తారు, వారిని ఎన్నడూ చూడని మరొకరు చదివి అల్లుతారు. ఆ ఇద్దరిలో వస్త్రానికి కర్త ఎవరు? అల్లేవారు ఆ రాతను మార్చుకోవచ్చునా? మార్చుకోవాలంటే వారికి ఏమి తెలిసి ఉండాలి?

అచ్చులోకి వచ్చిన నమూనా

ఎడిన్‌బరోలో కుట్టుసామగ్రి వ్యాపారం చేసిన జేన్ గోగెయిన్ 1840లో ప్రచురించిన ‘ది లేడీస్ అసిస్టెంట్’ ఈ చరిత్రలో ముఖ్యమైన మజిలీ. ఒక్కొక్క కుట్టును వాక్యంలో వర్ణించడానికి బదులు ఆమె అక్షర సంకేతాలను వాడింది. దాంతో నమూనా అన్నది ఒక లిపి అయింది. చదవడం వచ్చినవారికే అందే గ్రంథమైంది. 1843లో ‘మై నిటింగ్ బుక్’ ప్రచురించిన ఫ్రాన్సెస్ లాంబర్ట్ సూదుల మందాన్ని కొలిచే కొలమానానికి ప్రాధాన్యమిచ్చింది. సంకేతం, కొలత – ఈ రెండూ స్థిరపడితే తప్ప దూరాన ఉన్న పాఠకురాలు ఒక నమూనాను యథాతథంగా అల్లలేదు. ఈ తొలి రూపకర్తలు తమ పేర్లతోనే పుస్తకాలు వేశారన్నది గమనార్హం.

ఇరవయ్యో శతాబ్దానికి వచ్చేసరికి ఈ స్థితి మారింది. నమూనా ఊలును అమ్మే సాధనమైంది. బ్రిటన్‌లో ఊలు కంపెనీలు వేసిన చిన్న ప్రచురణల్లో ఫలానా కంపెనీ ఊలు, ఫలానా నంబరు సూది అన్న నిర్దేశం ఉండేది. రూపకర్త పేరు తరచుగా కనిపించేది కాదు. హాలిఫాక్స్‌లోని బాల్డ్విన్ కంపెనీలో రూపకర్తగా పనిచేసిన మార్జొరీ టిల్లట్‌సన్ కూర్చిన ‘ఊల్‌క్రాఫ్ట్’ దశాబ్దాలపాటు పునర్ముద్రణ పొందింది, కాని అది చలామణి అయింది కంపెనీ ప్రచురణగానే. ఆమె సొంత పేరుతో ‘ది కంప్లీట్ నిటింగ్ బుక్’ 1934లో వచ్చింది. రూపకర్త పేరు మరుగున పడిన ఈ కాలంలోనే అల్లేవారి స్వేచ్ఛ కూడా తగ్గింది. ఇన్ని కుట్లు ఎక్కించు, ఇన్ని అంగుళాలు అల్లు, ఇక్కడ ఇన్ని తగ్గించు అన్న ఆదేశాలే తప్ప ఎందుకు అన్న వివరణ వాటిలో తక్కువ. కంపెనీ ఆ ఊలును తీయడం మానేస్తే ఆ నమూనా దాదాపు నిరుపయోగమే.

ఎలిజబెత్ జిమ్మర్‌మన్: జీవితం, ఒక సంఘటన

ఎలిజబెత్ జిమ్మర్‌మన్ 1910లో ఇంగ్లండ్‌లో జన్మించింది. తల్లి ఆమెకు ఇంగ్లీషు పద్ధతిలో, అంటే దారాన్ని కుడిచేత పట్టి అల్లడం నేర్పింది. ఇంట్లో ఉండి చదువు చెప్పిన స్విస్ ఉపాధ్యాయిని ఎడమచేత దారం పట్టే పద్ధతి నేర్పింది. లోజాన్, మ్యూనిక్ నగరాల్లో ఆమె చిత్రకళ చదివింది. జర్మనీకి చెందిన బీరు తయారీ నిపుణుడు ఆర్నల్డ్ జిమ్మర్‌మన్‌ను వివాహం చేసుకొంది. నాజీల పాలన ఊపిరాడనివ్వని రోజుల్లో, 1937లో, ఆ దంపతులు అమెరికాకు వలసవెళ్లి చివరకు విస్కాన్సిన్‌లో స్థిరపడ్డారు. ముగ్గురు పిల్లల తల్లిగా ఇంటిపని నడుమ ఆమె పత్రికలకు స్వెటర్ల నమూనాలు రూపొందించసాగింది.

1950లలో ఆమె ఒక పత్రికకు మెడ చుట్టూ రంగుల వలయం గల స్వెటర్ నమూనాను అమ్మింది. దాన్ని ఆమె గుండ్రంగా అల్లింది. సన్నని తీగతో కలిపిన రెండు కొనల సూదిమీద కుట్లన్నీ ఎక్కించి, గొట్టంలాగా చుట్టూ తిరిగి అల్లడం ఈ పద్ధతి. ఇందులో వస్త్రపు ముందువైపే ఎప్పుడూ కంటికి ఎదురుగా ఉంటుంది. రంగుల డిజైను తప్పిపోదు. చివర ముక్కలు కలిపి కుట్టే పని ఉండదు. కాని పత్రిక సంపాదకులు ఆ సూచనలను అప్పటి ఆనవాయితీ ప్రకారం ముందు, వెనుక భాగాలుగా, వెనక్కూ ముందుకూ తిరిగే వరుసలుగా మార్చి అచ్చువేశారు. వస్త్రం ఆమెది, దాన్ని చేరే దారి మాత్రం ఆమెది కాదు.

దీనికి ఆమె స్పందన ఫిర్యాదు రూపంలో కాక ప్రచురణ రూపంలో వెలువడింది. 1958లో తన సూచనలను తనకు తోచినట్టే ముద్రించి ఒక చిన్న వార్తాపత్రంగా తపాలాలో పంపింది. 1959లో స్కూల్‌హౌస్ ప్రెస్ మొదలైంది. నమూనాలతోపాటు ఊలునూ సూదులనూ ఆమె తపాలా ద్వారానే అమ్మేది. వార్తాపత్రాలు 1968 వరకు సాగాయి. 2005లో ‘ది ఒపీనియనేటెడ్ నిటర్’ పేరుతో సంకలనంగా వచ్చాయి. 1971లో వెలువడిన ‘నిటింగ్ వితౌట్ టియర్స్’, 1974లోని ‘నిటర్స్ అల్మనాక్’ ఆమెకు విస్తృతమైన పాఠకలోకాన్ని ఇచ్చాయి.

బిగి, నిష్పత్తి

జిమ్మర్‌మన్ పద్ధతికి మూలం ఒక చిన్న లెక్క. ఒక్కొక్కరి చేతి బిగి ఒక్కో రకం. అంగుళానికి 5 కుట్లు పడే బిగితో 200 కుట్లు అల్లితే చుట్టుకొలత 40 అంగుళాలు వస్తుంది. అదే 200 కుట్లు కాస్త వదులైన చేతిలో అంగుళానికి నాలుగున్నర చొప్పున పడితే చుట్టుకొలత 44 అంగుళాలు దాటుతుంది. అరకుట్టు తేడా స్వెటర్‌ను మరొకరి స్వెటర్‌గా మార్చివేస్తుంది. కంపెనీ నమూనాలు దీనికి చూపిన పరిష్కారం, చెప్పిన బిగి వచ్చేదాకా సూది మార్చుకోమనడం. జిమ్మర్‌మన్ దాన్ని తలకిందులు చేసింది: ముందు మీ చేతి బిగిని ఒక నమూనా ముక్కమీద కొలవండి, కావలసిన చుట్టుకొలతతో గుణించండి, వచ్చిన సంఖ్యే మీ నమూనా.

ఆ మూలసంఖ్యను ఆమె నూరు శాతంగా తీసుకొంది. పై చేతికి సుమారు 33 శాతం, మణికట్టుకు 20 శాతం, మెడకు 40 శాతం. మూలసంఖ్య 200 అయితే మణికట్టు దగ్గర 40 కుట్లు, పై చేతికి 66, మెడకు 80. ఊలు లావైనా సన్ననిదైనా, మనిషి పసివాడైనా పెద్దవాడైనా ఈ నిష్పత్తులు కాస్త సవరణతో నిలుస్తాయి. శిల్పశాస్త్రంలో తాలమానం విగ్రహానికి చేసే పని ఇక్కడ శాతం స్వెటర్‌కు చేస్తోంది అనవచ్చు, ఈ పోలికను మరీ సాగదీయకపోతే.

ఆమె గుండ్రని శాలువా ఇదే ఆలోచనకు మరో రూపం. వృత్తానికి వ్యాసార్ధం రెట్టింపైతే పరిధి రెట్టింపవుతుంది. అందువల్ల ప్రతి వరుసలోనూ కుట్లు పెంచనక్కరలేదు. 36 కుట్ల దశలో ఆరు చుట్లు అల్లితే, 72 కుట్ల దశలో పన్నెండు, 144 కుట్ల దశలో ఇరవైనాలుగు. ప్రతి దశ చివరా కుట్లను ఒక్కసారే రెట్టింపు చేస్తే చాలు. పెంపుల నడుమ ఉన్న ఖాళీలో ఏ డిజైను వేసుకోవాలన్నది అల్లేవారి ఇష్టం. రూపకర్త చట్రం ఇచ్చి తప్పుకొంటుంది.

1968 నాటి ‘బేబీ సర్‌ప్రైజ్ జాకెట్’ ఈ ధోరణికి పరాకాష్ఠ. 160 కుట్లతో మొదలై, రెండుచోట్ల తగ్గుతూ తరవాత పెరుగుతూ, చూడటానికి ఏ ఆకారమూ లేని ఒకే ముక్కగా అది తయారవుతుంది. దాన్ని మడిచి భుజాల మీద రెండు కుట్టులు వేస్తే పసిబిడ్డ చొక్కా అవుతుంది. మందమైన ఊలుతో అవే సంఖ్యలు అల్లితే కాస్త పెద్ద పిల్లల చొక్కా వస్తుంది.

అనుసరణా, ఆవిష్కరణా?

తన యుక్తులను జిమ్మర్‌మన్ ఆవిష్కరణలని చెప్పుకోలేదు. వేల ఏళ్లుగా ఇన్ని చేతులు అల్లిన పనిలో పూర్తిగా కొత్తదంటూ ఉండదని ఆమె అభిప్రాయం. తాను చేసింది మరుగునపడినదాన్ని మళ్లీ వెలికితీయడమేనని, దానికొక కొత్త మాటనే పుట్టించింది. ఇది వినయం మాత్రమే కాదు, ఒక చారిత్రక దృక్పథం కూడా. అమెరికాలో అచ్చయిన తొలి ఆరన్ స్వెటర్ నమూనాల్లో ఒకటి 1958లో ఆమె రూపొందించినదే. ఐర్లండ్ పశ్చిమ తీరంలోని ఆరన్ దీవుల అల్లికకు ఆమె అనుసర్త. ఆ దీవుల్లో ఆ కుట్లను కూర్చిన స్త్రీల పేర్లు నమూనాల మీద లేవు.

పేర్లు లేనిచోట పురాణాలు పుడతాయి. మునిగిపోయిన జాలరి శవాన్ని గుర్తించడానికి ప్రతి వంశానికీ ఒక డిజైను ఉండేదన్న కథ లోకంలో బలంగా నాటుకొంది. దీనికి ఊతమిచ్చినది 1904లో ప్రదర్శితమైన జె. ఎం. సింజ్ నాటిక ‘రైడర్స్ టు ది సీ’. అందులో చెల్లెలు అన్నను గుర్తుపట్టేది స్వెటర్‌తో కాదు, తాను అల్లిన మేజోడులో జారిపోయిన కుట్ల లెక్కతో. అంటే వంశచిహ్నంతో కాదు, తన చేతి తప్పుతో. ఆరన్ డిజైన్లు అతి ప్రాచీనమన్న వాదాన్ని కూడా రిచర్డ్ రట్ తన ‘ఎ హిస్టరీ ఆఫ్ హ్యాండ్ నిటింగ్’ (1987)లో తిరస్కరించాడు. చర్చిలో బిషప్‌గా ఉంటూ స్వయంగా సూదులు పట్టిన చరిత్రకారుడాయన.

చట్టం కూడా ఈ విషయంలో సంకోచిస్తుంది. అమెరికా చట్టం ప్రకారం నమూనాలోని రాతకూ చిత్రాలకూ రక్షణ ఉంటుంది. అల్లే పద్ధతికి ఉండదు. శాతాల సూత్రం ఎవరైనా వాడుకోవచ్చు. వాడుకొన్నారు కూడా, నేటి రూపకర్తలు అనేక కొలతలకు ఒకే నమూనాను విస్తరించేటప్పుడు ఈ లెక్క పునాదిగా నిలుస్తోంది.

స్వేచ్ఛకు హద్దు

జిమ్మర్‌మన్ ఇచ్చిన స్వేచ్ఛ ఎవరికి? తనకోసం, తన ఇంటివారికోసం అల్లుకొనే స్త్రీకి. ఆమె తప్పు చేసినా నష్టం ఆమెదే, మార్పు చేసినా ఆనందం ఆమెదే. కూలికి అల్లేవారి స్థితి వేరు.

స్వీడన్‌లోని బోహుస్లేన్ ప్రాంతంలో రాతిపని పడిపోయి కుటుంబాలు ఉపాధి కోల్పోయినప్పుడు, గవర్నర్ భార్య ఎమ్మా జేకబ్‌సన్ 1939లో బోహస్ అల్లిక సంస్థను నెలకొల్పింది. అక్కడ నమూనాను గీసేది రూపకర్తలు. గ్రామాల్లోని స్త్రీలు దాన్ని చుక్క తప్పకుండా అల్లాలి. కొనేవారు ఆ ఖచ్చితత్వానికే ధర చెల్లించారు. నమూనాలు బయటికి అమ్మేవి కావు. 1969లో సంస్థ మూతపడిన తరవాత, మిగిలిన వస్త్రాలను ఆధారం చేసుకొని ఆ డిజైన్లను తిరిగి రాబట్టవలసి వచ్చింది. ఆ స్త్రీలకు పని దొరికింది, నిర్ణయం దొరకలేదు. ఈ రెండింటిలో ఆకలి వేళ ఏది ముఖ్యమో జిమ్మర్‌మన్ పుస్తకాలు చెప్పవు, చెప్పవలసిన అవసరం వాటికి రాలేదు.

నరసాపురం లేసు ఊలు అల్లిక కాదు, క్రోషే. అయినా ఈ ప్రశ్న అక్కడ మరింత పదునుగా ఎదురవుతుంది. క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి ప్రాంతానికి వచ్చిన ఈ పని ఎగుమతి పరిశ్రమగా ఎదిగింది. జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్’ (1982)లో ఈ స్త్రీలను పరిశీలించింది. ఒకరు పువ్వులు అల్లితే మరొకరు వాటిని కలుపుతారు. పూర్తి వస్త్రం ఎక్కడికి పోతుందో చాలామందికి తెలియదు. గంటల తరబడి చేసే ఆ శ్రమను తీరికవేళ కాలక్షేపంగా లెక్కగట్టడం వల్లనే కూలి అంత తక్కువగా నిలిచిందని, స్త్రీని ‘గృహిణి’గా నిర్వచించడమే ఆ దోపిడీకి ఆధారమని మీస్ వాదించింది. విస్కాన్సిన్‌లో తీరిక అనేది అల్లికకు స్వేచ్ఛనిచ్చింది. నరసాపురంలో లేని తీరికను ఉన్నట్టు చూపి కూలి తగ్గించారు. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు ఊరిపేరును కాపాడుతుంది. పువ్వు అల్లిన చేతి పేరును నమోదుచేసే కాగితం మాత్రం ఇప్పటికీ ఆ సరుకు వెంట వెళ్లడం లేదు.