ఏడవడానికొక టిక్కెట్టు

సినిమా చూసొచ్చిన ఆడవాళ్ళు మా గుడివాడ వైపు ఇచ్చే కితాబు ఒకటుంది: ''బాగా ఏడిపించాడమ్మా!'' ఏడిపించింది ఎవరు? హీరోనా, దర్శకుడా, కథ రాసినవాడా, పైనున్న దేవుడా? ఎవరైనా సరే, ఆ క్రియకి కర్త మగవాడే. తెరమీద సావిత్రి ఏడిస్తే కింద మనం ఏడ్చినా, బయటికొచ్చి ''ఏడిపించాడు'' అనే అంటాం. అదే సినిమాని ఇంట్లో మగవాళ్ళు ''ఏడుపుగొట్టు సినిమా'' అని ఒక్కమాటతో తీసిపారేస్తారు. ఈ రెండు మాటల మధ్య కొన్ని తరాల ప్రేక్షకురాళ్ళ చరిత్ర రాయకుండా వుండిపోయింది. అభిమాన సంఘాల మీద ఎస్.వి. శ్రీనివాస్ లాంటివాళ్ళు విలువైన పరిశోధన చేశారు. కటౌట్లు, విజిళ్ళు చరిత్రలోకి ఎక్కాయి. తడిసిన కొంగు ఎక్కలేదు.

నిజానికి సినిమా గురించి రాయడం మా ప్రాంతానికి కొత్తేం కాదు. తెలుగు సినిమాకి పితామహుడని చెప్పుకునే రఘుపతి వెంకయ్య పుట్టింది బందరులో. 1930లలో బందరు నుంచి వెలువడే 'కృష్ణాపత్రిక'లో కమలాకర కామేశ్వరరావు 'సినిమా ఫాన్' పేరుతో సమీక్షలు రాశాడు. తర్వాత ఆయనే 'నర్తనశాల' తీశాడు. అయితే విమర్శకుడి చూపు తెరవైపు వుంటుంది. తెరకి ఎదురుగా, ఆడవాళ్ళ వైపున, ఏం జరుగుతోందో చూసి రాసే పని ఎవరికీ అప్పగించలేదు. టూరింగ్ టాకీసు డేరాలో ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ మధ్య గుడ్డ తెర కట్టేవాళ్ళని, దీపాలు ఆరాక దాన్ని పక్కకి లాగేసేవాళ్ళని అమ్మ చెప్పేది. అంటే మనల్ని దాచవలసింది వెలుతురులోనే. చీకటి పడితే మన సంగతి ఎవరికీ పట్టదు. పట్టకపోవడంలో ఒక సుఖం వుంది. ఇంట్లో ఏడిస్తే కారణం చెప్పాలి. అక్కడ అక్కర్లేదు.

తెలుగు మగవాడి దుఃఖానికి ముఖమూ గొంతూ రెండూ గుడివాడ చుట్టుపక్కలవే. అక్కినేని నాగేశ్వరరావుది రామాపురం. ఘంటసాల పుట్టింది చౌటపల్లిలో. 1953లో 'దేవదాసు'లో ఆ ముఖానికి ఆ గొంతు దొరికింది. దర్శకుడు వేదాంతం రాఘవయ్యది కూచిపూడి. ఆడవేషం కూడా మగవాళ్ళే కట్టే యక్షగాన సంప్రదాయంలోంచి వచ్చినవాడు. అక్కినేని కూడా సినిమాల్లోకి రాకముందు నాటకాల్లో ఆడవేషాలతోనే పేరు తెచ్చుకున్నాడు. డెల్టా పల్లెల్లో హరిశ్చంద్ర నాటకం ఆడితే కాటి సీనులో కొడుకు శవం మీదపడి ఏడ్చే చంద్రమతి చాలాకాలం మీసం తీసేసిన మగవాడే. ఆడవాళ్ళ ఏడుపుని మగవాళ్ళు గమనించి, నేర్చుకుని, దానికి పద్యం కట్టి, టిక్కెట్టు పెట్టి మళ్ళీ మనకే చూపించారు. దీన్ని దొంగతనం అనను. తీర్చని అప్పు అంటాను.

ఆ అప్పుతో 'దేవదాసు' చేసిన పని చూడండి. ఏడుపు మగవాడి సొత్తయింది. పార్వతి పెళ్ళీడు పిల్లలున్న జమీందారుకి భార్యగా వెళ్ళి, పెద్దింటి బరువు మోస్తూ బతుకుతుంది. దేవదాసు మాత్రం తాగొచ్చు, తిరగొచ్చు, ఊరవతల కూర్చుని పాడుకోవచ్చు. పార్వతికీ ఒక మంచి పాట దక్కిన మాట నిజమే. కానీ ఊళ్ళు పాడుకున్నవి దేవదాసు పాటలు. చివరికి అతని కోసం పరిగెత్తబోతే ఇంటి తలుపులు ఆమె ఎదుటే మూసుకుంటాయి. మా అమ్మమ్మ తరం ఆడవాళ్ళు దేవదాసు చావుకి ఏడ్చారనే అందరూ అనుకున్నారు. ఆ తలుపుల దగ్గర ఏడ్చినవాళ్ళు ఎందరో అడిగినవాళ్ళు లేరు.

సినిమాకి ముందు మనకొక సొంత ఏడుపు వుండేది. చావింట్లో రాగాలు తీసి ఏడవడం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. పోయినవాళ్ళని వరసపెట్టి పిలుస్తూ, వాళ్ళతో బతికిన బతుకంతా చెప్పుకుంటూ ఏడుస్తారు. అత్త పెట్టిన ఆరళ్ళు, మొగుడి తాగుడు, పుట్టింటివాళ్ళు తొంగిచూడకపోవడం అన్నీ ఆ రాగంలోకి వచ్చేస్తాయి. మామూలు రోజుల్లో నోరెత్తితే ఊరుకోని మగవాళ్ళు ఆ గంటసేపు తలొంచుకుని వింటారు. కష్టం చేసుకునే కులాల ఆడవాళ్ళకి ఈ నోరు వుండేది. చదువూ పరువూ పెరిగిన ఇళ్ళల్లో ''ఆ శోకాలేంటి, నలుగురూ నవ్వుతారు'' అని నొక్కేశారు. ఆ ఇళ్ళ ఆడవాళ్ళకి సినిమా కన్నీళ్ళు తిరిగిచ్చిందిగానీ మాటలివ్వలేదు.

మాటలు లేని కన్నీళ్ళలో ఏముందో తెలుసుకోవడం కష్టం. ఒక్కోసారి చట్టాలు ఆ పనిలో సాయపడతాయి. 1962లో వచ్చిన 'రక్తసంబంధం'లో ఎన్.టి. రామారావు, సావిత్రి అన్నాచెల్లెళ్ళు. తమిళ 'పాశమలర్'కి తెలుగు రూపం. కొత్తగా పెళ్ళయిన మా అమ్మ ఆ సినిమా మూడుసార్లు చూసింది. తెరమీద చెల్లెలి కోసం ప్రాణం పెట్టే అన్న. అమ్మకీ ఇద్దరు అన్నలు. పెళ్ళికి కట్నమిచ్చాం కాబట్టి కాలవ కింద మాగాణిలో ఆడపిల్లకి ఇంకేం రాదని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఏటా పండక్కి చీర మాత్రం వచ్చేది. డెల్టాలో ఇలాంటి సంతకం పెట్టని ఆడపడుచులు తక్కువ. అడిగితే అన్న దూరమవుతాడు, అడక్కపోతే భూమి దూరమవుతుంది. వీళ్ళందరూ అన్న కావాలనే అనుకున్నారు. సావిత్రితోపాటు ఏడ్చింది ఆ లెక్కకే అని నా అనుమానం. ఆ తెరమీది అన్నే ముఖ్యమంత్రయ్యాక ఆడపిల్లలకి పిత్రార్జితంలో సమాన వాటా ఇస్తూ చట్టం తెచ్చాడు. 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలన్నారు. అప్పటికే పెళ్ళైపోయిన కూతుళ్ళకి అది వర్తించలేదు. చట్టం గురించి పేపర్లో చదివి వినిపిస్తే అమ్మ ''మాకు సినిమా, మీకు పొలం'' అని నవ్వింది. 2005లో కేంద్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి పెళ్ళి తేదీ అడ్డు తీసేసేసరికి అన్నలిద్దరూ లేరు, పొలమూ లేదు.

ఏడిపించే కథల వెనక ఆడవాళ్ళు అసలు లేరా అంటే వున్నారు. కూచిపూడికి దగ్గర్లోని కాజలో పుట్టిన యద్దనపూడి సులోచనారాణి నవల 'జీవన తరంగాలు' 1973లో సినిమాగా వచ్చింది. పోలీసుల్ని తప్పించుకోడానికి ఓ కొడుకు దారిన పోతున్న పాడెకి భుజం పడతాడు. ఆ పాడె మీద వున్నది తన తల్లి అని అతనికి తెలీదు. హాలంతా ఏడుస్తుంది. గమనించండి, తల్లి నోరు అప్పటికే మూతపడింది. ఆ యాత్రంతా నడిచేది ఘంటసాల గొంతులోనే.

1977 నవంబర్ 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. అధికార లెక్కల్లోనే పదివేలమంది పోయారు. జనం చెప్పుకునే లెక్క ఇంకా పెద్దది. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. ఎన్.టి. రామారావు, అక్కినేని ముందు నిలబడి సినిమావాళ్ళు ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేశారు. మా మేనత్తది నాగాయలంక అవతల చిన్న పల్లె. తాటిచెట్టుని కావిలించుకుని ఆవిడ బతికింది. ఆరేళ్ళ కొడుకూ నాలుగేళ్ళ కూతురూ దొరకలేదు. మా ఇంటికి తీసుకొచ్చాక ఆవిడ ఏడవలేదు. ఏడిస్తే బావుణ్ణని అందరూ ఎదురుచూశారు. రాగం తియ్యాలంటే ఎదురుగా శవం వుండాలి, పట్టుకుని కూర్చోబెట్టే ఇరుగుపొరుగు వుండాలి. ఆ ఊళ్ళో ఆ రెండూ మిగల్లేదు.

1993లో 'మాతృదేవోభవ' వచ్చింది. మలయాళం 'ఆకాశదూత్'కి తెలుగు. జబ్బుతో చావబోయే తల్లి పిల్లల్ని ఒక్కొక్కరినీ దత్తత ఇచ్చుకుంటూ వెళ్తుంది. అందులో పాటకి వేటూరికి జాతీయ పురస్కారం వచ్చింది. నేను ఆ సినిమాని మెచ్చుకోలేను. తల్లిని ఇంతగా చంపితే తప్ప గౌరవించలేని సంస్కృతి మీద నాకు కోపమే వస్తుంది. కానీ అప్పట్లో బందరులో అమ్మమ్మ ఇంటినుంచి అమ్మా, నేనూ, అత్తయ్యా మాట్నీకి వెళ్ళాం. హాలంతా ముక్కు చీదుళ్ళు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అత్తయ్య కళ్ళు పొడిగా వున్నాయి. కోనేరు సెంటర్ దాటాక రిక్షాలో మెల్లిగా అంది: ''ఆవిడకి ఎంత టైమిచ్చాడు వదినా. ఒక్కొక్కళ్ళనీ ఒక్కో ఇంట్లో దింపి మరీ పోయింది.''

అమ్మ ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చి ఎసరు పెట్టింది.

మర్నాడు అన్నాలయ్యాక అత్తయ్య మళ్ళీ అదే సినిమాకి వెళ్తానంది. తోడొస్తానంటే వద్దంది. మా ఇళ్ళల్లో ఒక ఆడమనిషి ఒంటరిగా సినిమాకి వెళ్ళడం నేను చూసింది అదే మొదలు. మాట్నీకి ఇంకా గంటన్నర టైముండగానే చెప్పులేసుకుని బయల్దేరింది.