ఒకే ఒక్క సీటు

2009 మే 16 సాయంత్రానికి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 294 స్థానాల లెక్క తేలిపోయింది. రాజశేఖరరెడ్డి రెండోసారి గెలిచారు. చిరంజీవి ప్రజారాజ్యం 18 దగ్గర ఆగిపోయింది. టీవీ పట్టికల అడుగున, 'ఇతరులు' అన్న వరసలో కలిసిపోయి లోక్‌సత్తాకు దక్కిన 1 కూడా ఉంది. 246 చోట్ల పోటీ చేసిన పార్టీలో గెలిచింది అధ్యక్షుడొక్కరే. కూకట్‌పల్లిలో జయప్రకాశ్ నారాయణ్ (జేపీ)కు పదిహేను వేలకు పైగా మెజారిటీ వచ్చింది.

కూకట్‌పల్లిని ఆనుకునే కుత్బుల్లాపూర్ నియోజకవర్గం ఉంది. జీడిమెట్ల ఫ్యాక్టరీలు దాటి, కొంపల్లికి పడమరగా, అటవీ అకాడమీ చెట్ల పక్కన ఉన్న దూలపల్లి ఓట్లు అందులోకే వస్తాయి. అక్కడ ఆ ఏడు ఏ పార్టీ టికెట్టూ లేకుండా ఇండిపెండెంటుగా నిలబడ్డ కూన శ్రీశైలం గౌడ్ గెలిచారు. స్థానికుడు, పేరు పెట్టి పిలిస్తే పలికే మనిషి. ఒకే రోజు, పక్కపక్క నియోజకవర్గాల్లో, ఒకచోట జనం ఒక సిద్ధాంతానికి ఓటేశారు, మరొకచోట మనిషికేశారు. మొదటిది మళ్లీ జరగలేదు.

జేపీ గుంటూరు మెడికల్ కాలేజీలో చదివిన డాక్టరు. ఐఏఎస్‌లో చేరి, తూర్పుగోదావరి, ప్రకాశం జిల్లాలకు కలెక్టరుగా చేసి, 1996లో ఆ ఉద్యోగం వదులుకున్నారు. తర్వాత పదేళ్లు లోక్‌సత్తా పార్టీ కాదు, ఉద్యమం. ఎన్నికల్లో నిలబడేవాడి నేరచరిత్ర, ఆస్తులు ఓటరుకు తెలియాలని సుప్రీంకోర్టు దాకా వెళ్లినవాళ్లలో లోక్‌సత్తా ఒకటి. 2003 తీర్పుతో అది ఖాయమైంది. ఈ రోజు ఏ అభ్యర్థి అఫిడవిట్టయినా ఫోనులో తెరిచి, కేసులెన్ని, అప్పులెన్ని అని చూసి నవ్వుకుంటున్నామంటే అందులో వీళ్ల చెమట ఉంది. 2006 అక్టోబరు 2న ఉద్యమం పార్టీ అయింది. గుర్తు ఈల.

అమెరికాలో లిబర్టేరియన్లని ఒక తెగ ఉంది. పోలీసు, కోర్టు, సరిహద్దు తప్ప సర్కారుకు ఇంకో పని వద్దంటారు. జేపీ అంత దూరం పోలేదు. బడి, ఆసుపత్రి బాధ్యత ప్రభుత్వానిదేనన్నారు. ఆయన పేచీ వేరే. సెక్రటేరియట్‌లో గుట్టపడి ఉన్న అధికారం ఊరి దాకా, వార్డు దాకా దిగిరావాలి. మనిషి తన కాగితం కోసం ఇంకో మనిషి కాళ్లు పట్టుకునే అవసరం ఉండకూడదు. తెలుగు రాజకీయాల్లో ప్రభుత్వాన్ని అనుమానంగా చూడడం అనే ఆ కొమ్మ మీద ఆయన రెండో తరం. మొదటి తరం ఎలా కూలిందో చెప్పకుండా ఈయన కథ సగమే అవుతుంది.

నిడుబ్రోలు రైతుబిడ్డ గోగినేని రంగనాయకులు. మనందరికీ ఎన్జీ రంగా. ఆక్స్‌ఫర్డ్‌లో చదివొచ్చి రైతు రాజకీయం చేసినవాడు. 1959 జనవరిలో నాగ్‌పూర్‌లో కాంగ్రెస్ ఉమ్మడి సహకార సేద్యం తీర్మానం చేసింది. రైతు చేతిలోని భూమి రేపు ఏ సొసైటీ రిజిస్టరులో తేలుతుందోనన్న భయం కృష్ణా, గుంటూరు డెల్టా ఊళ్లలో మొదలైంది. ఆ ఏడు జూన్‌లో మద్రాసులో స్వతంత్ర పార్టీ ప్రకటన జరిగింది. వెనక ఎనభై ఏళ్ల రాజాజీ, అధ్యక్షుడిగా రంగా. ఇటు మన గౌతు లచ్చన్న ఆయన వెంట నడిచారు. 1962లో లోక్‌సభలో 18 సీట్లు. 1964లో రైతువారీ భూముల్ని కూడా తన పరిధిలోకి లాక్కున్న పదిహేడో రాజ్యాంగ సవరణ వచ్చినప్పుడు సభలో రంగా ఎదురు నిలిచారు. 1967కు వచ్చేసరికి 44 సీట్లు, కాంగ్రెస్ తర్వాత అదే పెద్ద పార్టీ. రాజాజీ 'పర్మిట్ లైసెన్స్ కోటా రాజ్' అని ఎద్దేవా చేస్తుంటే వినేవాళ్లు పెరిగారు.

నాలుగేళ్లలో అంతా అయిపోయింది. 1971లో ఇందిరాగాంధీ 'గరీబీ హటావో' అన్నారు. స్వతంత్ర ఎనిమిది సీట్లకు పడిపోయింది. శ్రీకాకుళంలో రంగాయే ఓడిపోయారు. మరుసటేడు డిసెంబరు 25న రాజాజీ పోయారు. 1974లో పార్టీ భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది. రంగా మళ్లీ కాంగ్రెస్ గూటికే చేరి, ముసలితనంలో గుంటూరు ఎంపీగా వరసగా గెలిచారు. ఆయన్ని తిట్టబుద్ధి కాదు. పార్టీలో మహారాజులు, మిల్లు యజమానులు, భూస్వాములు నిండిపోయాక, కౌలుదారుడూ కూలీ 'స్వేచ్ఛ ఎవరికి?' అని అడిగితే చెప్పడానికి అక్కడ ఎవరి దగ్గరా జవాబు లేదు. దేశ్‌ముఖ్‌ల కింద నలిగిన తెలంగాణలోనైతే ఆ ప్రశ్న ఇంకా గట్టిగా ఉంటుంది. దొర చేతిలోంచి భూమి విడిపించడానికి వచ్చే చట్టాన్ని చూసి పేదవాడు ఎందుకు భయపడతాడు?

విధి వెక్కిరింతలంటే ఇలాంటివే. అదే 1971లో ముఖ్యమంత్రి అయి భూసంస్కరణల కోసం పట్టుబట్టిన పీవీ నరసింహారావు, ఇరవై ఏళ్ల తర్వాత ప్రధానిగా 1991 జులైలో లైసెన్సుల కట్టలు తెంపారు. స్వతంత్ర ప్రాణం పెట్టి అడిగినదాన్ని, స్వతంత్రను మట్టి కరిపించిన పార్టీయే చేసింది. రంగా అప్పటికి తొంభై ఏళ్ల వృద్ధుడు, చూడడానికి బతికే ఉన్నారు.

1971లోనే, డిసెంబరులో, అమెరికా కొలరాడోలో లిబర్టేరియన్ పార్టీ పుట్టింది. ఇక్కడ దీపం కొండెక్కిన ఏడాదే అక్కడ వెలిగించుకున్నారు. దాని గతీ ఏమంత బాగులేదు. అధ్యక్ష ఎన్నికల్లో వాళ్లకు అన్నిటికంటే బాగా కలిసొచ్చిన 2016లో గ్యారీ జాన్సన్‌కు దాదాపు 45 లక్షల ఓట్లు పడ్డాయి, అంటే నూటికి మూడు చొప్పున. ఆ పార్టీ గుర్తుమీద నిలబడి అమెరికన్ కాంగ్రెస్‌కు గెలిచినవాడు ఇంతవరకూ లేడు. ఎక్కువ ఓట్లు వచ్చినవాడిదే సీటు అనే పద్ధతి ఉన్నచోట మూడో ఆలోచనకు చోటు దొరకదు. జేపీ ఓట్ల నిష్పత్తిలో సీట్లిచ్చే దామాషా ప్రాతినిధ్యం కావాలని అంటూనే ఉన్నారు. అది తేవాలంటే ముందు గెలవాలి, గెలవాలంటే ముందు అది ఉండాలి.

ఒక్క సీటుతో శాసనసభలోకి వెళ్లిన ఆయన్ని తెలంగాణ ప్రశ్న చుట్టుముట్టింది. 2009 డిసెంబరు తర్వాత ఇక్కడ రాజకీయమంటే ఒకటే, ఎటు ఉన్నావు? ప్రభుత్వం ఎంత పెద్దదిగా ఉండాలన్నది ఎవరికీ పట్టలేదు, ఏ ప్రభుత్వం అన్నదే పట్టింది. ఆయన అందరికీ ఒప్పుదలయ్యే పరిష్కారం కావాలన్నారు. అన్నది సబబే. వినడానికి మాత్రం అటువాళ్లకూ మనవాడనిపించలేదు, ఇటువాళ్లకూ అనిపించలేదు. 2011 ఫిబ్రవరి 17న గవర్నర్ ప్రసంగం రోజు అసెంబ్లీ ఆవరణలోనే ఆయన మీద చెయ్యి పడింది. అప్పటికి రెండేళ్ల కిందట కూకట్‌పల్లి వీధుల్లో ఆయన వెంట నడిచిన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లలో కొందరు తెలంగాణ జెండా పట్టుకున్నారు, కొందరు సమైక్యాంధ్ర అన్నారు. ఎక్కువమంది ఊరుకున్నారు. ఆ ఊరుకోవడమే పార్టీని తినేసింది.

2014లో ఆయన అసెంబ్లీ వదిలి మల్కాజ్‌గిరి లోక్‌సభకు నిలబడ్డారు. దేశంలోనే అత్యధిక ఓటర్లున్న నియోజకవర్గం అది. ఈసారి దూలపల్లి ఈవీఎం మీద జేపీ పేరే వచ్చింది. అటుపక్క తెలుగుదేశం, బీజేపీ పొత్తులో సీటు తెలుగుదేశానికి పడింది. అభ్యర్థి చామకూర మల్లారెడ్డి. మైసమ్మగూడలోని ఆయన ఇంజినీరింగ్ కాలేజీల చిరునామాలో పోస్టాఫీసు దూలపల్లి. ఇంతకంటే స్థానికుడు ఎక్కడ దొరుకుతాడు!

ఆ రోజుల్లో ఇటు ఎవరిని కదిపినా ఒకటే మాట. "మంచోడే అన్నా, గానీ గెలవడు." ఈ మాటతో వచ్చే చిక్కేమిటంటే, అది అన్నవాళ్లంతా ఓటేసి ఉంటే గెలిచేవాడేమో. మే 16న, సరిగ్గా అయిదేళ్లకు, ఫలితం వచ్చింది. లక్షన్నరకు పైగా ఓట్లు, నాలుగో స్థానం. గెలిచిన మల్లారెడ్డి తెలంగాణలో తెలుగుదేశానికి మిగిలిన ఏకైక ఎంపీ. రెండేళ్లకు ఆయనా టీఆర్‌ఎస్‌లోకి వెళ్లిపోయారు. కూకట్‌పల్లిలో జేపీ కుర్చీలో కూర్చున్న తెలుగుదేశం ఎమ్మెల్యే మాధవరం కృష్ణారావుదీ అదే దారి. 2016లో లోక్‌సత్తా ఎన్నికల బరిలోంచి తప్పుకుంది. పదేళ్లు కూడా నిండలేదు.

డబ్బు పంచలేదు కాబట్టి ఓడిపోయారని ఆయన అభిమానులు ఇప్పటికీ అంటారు. అది ఓదార్పు మాట. నాకు తోచే కారణం దూలపల్లిలో ఒకాయన ఫైలులో ఉంది. చిరుగు పట్టిన ప్లాస్టిక్ కవరు. లోపల 150 గజాల ప్లాటు సేల్‌డీడు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, పంచాయతీ లేఅవుట్ జిరాక్సు. గుండుసూది తుప్పు ఆనవాలు పై కాగితం మీద గోధుమరంగులో దిగింది. అన్నింటికీ పైన, 2020లో లేఅవుట్ల క్రమబద్ధీకరణ (ఎల్‌ఆర్‌ఎస్) దరఖాస్తుకు కట్టిన వెయ్యి రూపాయల మీసేవ రసీదు. ఆ విడతలో రాష్ట్రమంతా ఇరవై అయిదు లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. తన డబ్బుతో కొనుక్కుని, ప్రభుత్వానికే స్టాంపు డ్యూటీ కట్టి, ప్రభుత్వ ఆఫీసులోనే రిజిస్టరు చేయించుకున్న నేలను, అది సక్రమమేనని చెప్పమని మళ్లీ ప్రభుత్వాన్నే అడగాలి. ఖాళీ స్థలం పేరిట మార్కెట్ విలువలో 14 శాతం విడిగా కట్టాలి. ఏళ్ల తరబడి ఉలుకూ పలుకూ లేదు. 2025 మార్చిలో పాతిక శాతం రాయితీ అన్నారు, జనం మళ్లీ పరిగెత్తారు.

ప్రభుత్వం మితిమీరిందని ఈ మనిషికి ఎవరైనా పాఠం చెప్పాలా? ఆయన ఫైలే చెబుతుంది. కానీ ఆయన ఓటేసేది ఈ నిబంధన తీసేస్తానన్నవాడికి కాదు, ఆ ఆఫీసుకు ఒక్క ఫోను కొట్టి ఫైలు కదిలించగలవాడికి. ఆయన్ని తప్పుపట్టలేం. నిబంధన పోయేసరికి కూతురి పెళ్లి దాటిపోతుంది. ఫోను రేపు పొద్దున పనిచేస్తుంది. ప్రభుత్వం ఎంత అడ్డం పడితే, దాన్ని దాటించే మనిషి అంత అవసరమవుతాడు. సర్కారును తగ్గిస్తానన్న పార్టీ సర్కారు పెరిగినచోట బతకలేకపోయింది. అలా పెరగనిచోట దాని అవసరమే ఉండేది కాదు. జేపీ చెప్పిన పరిష్కారాల్లో ఒక్కటీ తప్పని నేననను. వాటిలో ఈ వారం అక్కరకొచ్చేది మాత్రం లేకపోయింది.

డాలర్లిచ్చి, సెలవులు పెట్టుకుని వచ్చి, లోక్‌సత్తా కోసం గడపగడపకూ తిరిగిన ప్రవాసాంధ్రుల సంగతీ చెప్పాలి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కట్టుకున్నవాడికి అక్కడి ప్రభుత్వం కనపడకుండా పనిచేస్తుందని మురిపెం. ఒకే దేశంవాళ్లకు ఏడు శాతానికి మించి గ్రీన్‌కార్డులు ఇవ్వకూడదన్న లెక్క కింద పదేళ్లూ పదిహేనేళ్లూ క్యూలో నిలబడ్డాక ఆ మురిపెం కొంత వదులుతుంది. వాళ్లలో చాలామంది ఇక్కడి రాజకీయం మాట్లాడడం మానేశారు. మిగిలినవాళ్లు కులసంఘాల కన్వెన్షన్లలో కనిపిస్తున్నారు.

జేపీ ఇప్పటికీ మాట్లాడుతూనే ఉన్నారు, స్థానిక ప్రభుత్వాలకు అధికారం, నిధులు ఇవ్వమనే. ఆయన పార్టీ పుట్టిన ఆర్నెల్లకే, 2007లో, కూకట్‌పల్లి, కుత్బుల్లాపూర్ సహా పన్నెండు మునిసిపాలిటీలను కలిపేసి జీహెచ్ఎంసీ చేశారు. దూలపల్లి అప్పటికి తప్పించుకుంది, దాని పంచాయతీ దానికి మిగిలింది. 2018లో ఆ పంచాయతీ రద్దయి ఊరు కొంపల్లి మునిసిపాలిటీలో కలిసింది. 2025 చివర్లో మునిసిపాలిటీ కూడా పోయింది. చుట్టుపక్కల 27 పట్టణాలను ఆర్డినెన్స్‌తో జీహెచ్ఎంసీలో కలిపేశారు. ఊళ్లో ఎవరినీ ఓటు పెట్టి అడగలేదు. ప్లాస్టిక్ కవరు పెద్దాయన ప్లాటుకు లేఅవుట్ ఇచ్చింది పంచాయతీ, దరఖాస్తు పెట్టుకుంది మునిసిపాలిటీకి, కలిపేశాక వెళ్లాల్సి వచ్చింది జీహెచ్ఎంసీకి. ఏ సర్కిల్ ఆఫీసో కనుక్కోమని ఆయన ఊళ్లో ఒకాయనకు ఫోను చేయించాడు.