బేస్‌బాల్ చరిత్రలోని అరుదైన రికార్డులు

బేస్‌బాల్ చరిత్రలోని అరుదైన రికార్డులు అనగా అమెరికా సంయుక్త రాష్ట్రాల వృత్తి బేస్‌బాల్‌లో నమోదై, సామాన్య ప్రేక్షకులకు అంతగా తెలియని ఘనతలు, ఘటనలు. క్రీడలన్నింటిలోను గణాంకాలకు అత్యధిక ప్రాధాన్యమిచ్చే ఆటలలో బేస్‌బాల్ ఒకటి. అయినను ఈ రికార్డులన్నీ మార్పులేని అంకెలు కావు. నిర్వచనం మారినందువల్ల కొన్ని తొలగిపోయినవి. లెక్కలో దొర్లిన తప్పు బయటపడినందువల్ల కొన్ని సవరించబడినవి. జాతి వివక్ష కారణంగా ఎనిమిది దశాబ్దాల పాటు లెక్కకు రాని రికార్డులు కూడా కలవు.

నేపథ్యం

మేజర్ లీగ్ బేస్‌బాల్ రెండు లీగుల కలయిక. వీటిలో నేషనల్ లీగ్ 1876లో ప్రారంభమైనది. అమెరికన్ లీగ్ 1901 నుండి దానితో సమాన స్థాయిలో పోటీలు నిర్వహించింది. వీటికి దిగువ స్థాయిలో నడిచే లీగులను మైనర్ లీగులు అంటారు.

ఆటలో సాధారణంగా 9 ఇన్నింగ్సులు ఉంటాయి. ప్రతి ఇన్నింగ్స్‌లో ఇరుజట్లు ఒక్కొక్కసారి బ్యాటింగు చేస్తాయి. ముగ్గురు ఔట్ కాగానే ఒక జట్టు వంతు ముగుస్తుంది. 9 ఇన్నింగ్సుల తరువాత పరుగులు సమానంగా ఉంటే అదనపు ఇన్నింగ్సులు ఆడతారు. క్రికెట్టులో బౌలరు వలె ఇందులో బంతి విసిరే ఆటగాడిని పిచర్ అంటారు. ఫీల్డరు పొరపాటు లేకుండా బ్యాటరు తాను కొట్టిన బంతితో బేస్ చేరితే దానిని హిట్ అంటారు. ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆట నో-హిట్టర్. ప్రత్యర్థి జట్టులో ఏ ఒక్కరినీ, ఏ విధంగానూ బేస్ చేరనివ్వని ఆట పర్ఫెక్ట్ గేమ్. హిట్ల సంఖ్యను బ్యాటింగు అవకాశాల సంఖ్యతో భాగించగా వచ్చేది బ్యాటింగు సగటు. 0.300 సగటును మంచి ఆటగాడికి కొలబద్దగా భావిస్తారు.

సుదీర్ఘమైన ఆటలు

మేజర్ లీగులలో అత్యధిక ఇన్నింగ్సులు సాగిన ఆట 1920 మే 1న బోస్టన్‌లో జరిగింది. బ్రూక్లిన్ రాబిన్స్, బోస్టన్ బ్రేవ్స్ జట్లు 26 ఇన్నింగ్సులు ఆడిన పిదప చీకటి పడినందున ఆటను 1–1 స్కోరుతో నిలిపివేశారు. ఫలితం తేలలేదు. బ్రూక్లిన్ పిచర్ లియోన్ కడోర్, బోస్టన్ పిచర్ జో ఎష్కర్ ఇద్దరూ 26 ఇన్నింగ్సులు తామే బంతులు వేయడం ఈ ఆటలోని విశేషం. ఇంతటి ఆట కూడా నాలుగు గంటలలోపే ముగిసింది.

వృత్తి బేస్‌బాల్ మొత్తం మీద సుదీర్ఘమైన ఆట 1981లో రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని పొటకెట్ పట్టణంలో జరిగింది. మైనర్ లీగు జట్లయిన పొటకెట్ రెడ్ సాక్స్, రోచెస్టర్ రెడ్ వింగ్స్ ఏప్రిల్ 18 రాత్రి ఆట మొదలుపెట్టినవి. నిర్ణీత సమయం దాటితే ఆటను నిలిపివేయాలన్న నిబంధన ఆ సంవత్సరం అంపైర్ల నియమావళిలో పొరపాటున చేరలేదు. అందువల్ల మరునాడు, అనగా ఈస్టర్ పండుగ నాటి తెల్లవారుజామున 4 గంటలు దాటేవరకు 32 ఇన్నింగ్సులు సాగాయి. ఆట ఆగేసరికి ప్రేక్షకులు 19 మంది మాత్రమే మిగిలారు. జూన్ 23న తిరిగి ప్రారంభించగా 33వ ఇన్నింగ్స్‌లో, 18 నిమిషాలలోనే పొటకెట్ 3–2తో గెలిచింది. మొత్తం ఆట సమయం 8 గంటల 25 నిమిషాలు. ఈ ఆటలో పాల్గొన్న వేడ్ బాగ్స్, కాల్ రిప్కెన్ జూనియర్ తరువాతి కాలంలో మేజర్ లీగులలో సుప్రసిద్ధులైనారు.

ఇటువంటి ఆటలు మరల జరిగే అవకాశం చాలా తక్కువ. 2020 నుండి మేజర్ లీగులలో, సీజన్ సాధారణ ఆటలలో ప్రతి అదనపు ఇన్నింగ్స్‌ను రెండవ బేస్ మీద ఒక రన్నర్‌ను ఉంచి ప్రారంభిస్తున్నారు. దీనివల్ల పరుగులు త్వరగా వచ్చి ఆటలు ముగుస్తున్నాయి.

హార్వీ హాడిక్స్ ఆట

1959 మే 26న మిల్వాకీలో పిట్స్‌బర్గ్ పైరేట్స్ పిచర్ హార్వీ హాడిక్స్ మిల్వాకీ బ్రేవ్స్ జట్టుపై 12 ఇన్నింగ్సుల పాటు ఒక్కరినీ బేస్ చేరనివ్వలేదు. వరుసగా 36 మంది బ్యాటర్లను ఔట్ చేశాడు. మేజర్ లీగు ఆటలో మరే పిచర్ ఇన్ని ఇన్నింగ్సులు ఈ విధంగా వేయలేదు. సాధారణ ఆటయితే 27వ ఔట్‌తోనే పర్ఫెక్ట్ గేమ్ పూర్తయ్యేది. కాని అతని జట్టు ఆ రోజు 12 హిట్లు కొట్టి కూడా ఒక్క పరుగు చేయలేకపోయింది. ప్రత్యర్థి పిచర్ లూ బర్డెట్ 13 ఇన్నింగ్సులు బంతులు వేసి పైరేట్స్‌కు పరుగు ఇవ్వలేదు.

13వ ఇన్నింగ్స్‌లో పైరేట్స్ ఫీల్డరు డాన్ హోక్ చేసిన పొరపాటు వల్ల ఫెలిక్స్ మాంటియా మొదటి బేస్ చేరాడు. ఎడ్డీ మాథ్యూస్ తాను ఔటై అతనిని రెండవ బేస్‌కు పంపాడు. హాంక్ ఆరన్‌కు ఉద్దేశపూర్వకంగా మొదటి బేస్ ఇచ్చారు. తరువాత జో ఆడ్‌కాక్ బంతిని కంచె దాటించాడు. కాని ఆరన్ ఆట ముగిసిందని భావించి పరుగు మార్గం వీడగా, వెనుక వచ్చిన ఆడ్‌కాక్ అతనిని దాటిపోయాడు. ఈ కారణంగా హోమ్ రన్‌ను రెండు బేస్‌ల హిట్‌గా మార్చి, తుది స్కోరు 1–0గా నిర్ణయించారు. ఆ ఆటలో హాడిక్స్ ఇచ్చిన హిట్ అదొక్కటే.

1991లో మేజర్ లీగుల గణాంకాల సంఘం నో-హిట్టర్‌కు కొత్త నిర్వచనం ఇచ్చింది. కనీసం 9 ఇన్నింగ్సులు సాగి, ఆట ముగిసేవరకు ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆటనే నో-హిట్టర్‌గా పరిగణించాలని నిర్ణయించింది. దీనితో హాడిక్స్ ఆట అధికారిక జాబితా నుండి తొలగిపోయింది. అప్పటికి 32 సంవత్సరాలు గడిచాయి, హాడిక్స్ జీవించే ఉన్నాడు. అతడు 1994లో మరణించాడు.

లెక్కల సవరణలు

1930లో చికాగో కబ్స్ ఆటగాడు హాక్ విల్సన్ తన బ్యాటింగుతో ఒకే సీజన్‌లో 190 పరుగులు సాధించిపెట్టినట్లు నమోదైనది. వీటిని ఆర్.బి.ఐ.లు అంటారు. ఆ సంవత్సరం జూలై 28న విల్సన్‌కు చెందవలసిన ఒక ఆర్.బి.ఐ. సహ ఆటగాడు చార్లీ గ్రిమ్ పేరిట నమోదైనట్లు పరిశోధకులు గుర్తించారు. 1999లో ఈ రికార్డును 191గా సవరించారు. విల్సన్ 1948లోనే మరణించాడు.

1910లో తప్పు తెలిసినను సవరణ జరుగలేదు. మేజర్ లీగులలో అత్యధిక బ్యాటింగు సగటు సాధించినవారికి చామర్స్ కంపెనీ మోటారు కారును బహుమతిగా ప్రకటించింది. పోటీ టై కాబ్, నాప్ లాజొవేల మధ్య నిలిచింది. కాబ్ తన సగటును కాపాడుకొనుటకు చివరి ఆటలకు దూరంగా ఉన్నాడు. చివరి రోజున సెయింట్ లూయిస్ బ్రౌన్స్ మేనేజరు, కాబ్‌పై అయిష్టంతో, మూడవ బేస్ ఫీల్డరును బాగా వెనుకకు నిలబెట్టాడు. లాజొవే ఎక్కువసార్లు బంతిని ఆ వైపు మెల్లగా దించుతూ రెండు ఆటలలో 8 హిట్లు సంపాదించాడు. ఆ మేనేజరు ఉద్యోగం కోల్పోయాడు. లీగు కాబ్‌ను విజేతగా ప్రకటించగా, కంపెనీ ఇద్దరికీ కార్లు ఇచ్చింది.

కాబ్ ఆడిన ఒక ఆటను రెండుసార్లు లెక్కించినట్లు సుమారు ఏడు దశాబ్దాల తరువాత పరిశోధకుడు పీట్ పామర్ కనుగొన్నాడు. దానిని తొలగిస్తే లాజొవే ముందుంటాడు. ఈ విషయం 1981లో ప్రచురితమైనను, నాటి కమిషనర్ బోవీ కూన్ ఫలితాన్ని మార్చలేదు. అందువల్ల కాబ్ మొత్తం హిట్లు కొన్ని గ్రంథాలలో 4,191గాను, మరికొన్నింటిలో 4,189గాను కనిపిస్తాయి.

రోజర్ మారిస్, నక్షత్ర గుర్తు

1927లో బేబ్ రూత్ 60 హోమ్ రన్‌లు కొట్టినప్పుడు సీజన్‌కు 154 ఆటలు ఉండేవి. 1961లో అమెరికన్ లీగ్ ఆటల సంఖ్యను 162కు పెంచింది. ఆ సంవత్సరమే రోజర్ మారిస్ 61 హోమ్ రన్‌లు కొట్టాడు. 154 ఆటలలోపు రూత్‌ను అధిగమించనిదే రెండు రికార్డులను వేరువేరుగా చూపాలని కమిషనర్ ఫోర్డ్ ఫ్రిక్ ముందే ప్రకటించాడు. మారిస్ పేరు పక్కన నక్షత్ర గుర్తు ఉంచారన్న ప్రచారం సరికాదు. రెండు రికార్డులను విడివిడిగా పేర్కొన్నారు, అంతే. 1991లో ఈ భేదాన్ని తొలగించారు. మారిస్ 1985లో మరణించినందున ఈ మార్పును చూడలేదు.

నీగ్రో లీగుల రికార్డులు

1884లో మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ అనే నల్లజాతి ఆటగాడు టొలీడో జట్టు తరఫున మేజర్ లీగు స్థాయిలో ఆడాడు. అటు తరువాత జట్ల యజమానులు నల్లజాతివారిని దూరంగా ఉంచారు. 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున ఆడేవరకు ఈ నిషేధం కొనసాగింది. ఈ మధ్యకాలంలో నల్లజాతివారు స్వంత లీగులు నడుపుకొన్నారు. వీటిలో ముఖ్యమైన నీగ్రో నేషనల్ లీగ్‌ను 1920లో రూబ్ ఫాస్టర్ చొరవతో స్థాపించారు.

1969లో ఏయే లీగులను మేజర్ లీగులుగా గుర్తించాలో నిర్ణయించుటకు ఒక సంఘాన్ని నియమించారు. ఆ సంఘం ఆరు లీగులను గుర్తించింది. వాటిలో 1884లో ఒకే ఒక్క సీజన్ నడిచిన యూనియన్ అసోసియేషన్ కూడా కలదు. నీగ్రో లీగులకు మాత్రం చోటు దక్కలేదు. 2020 డిసెంబరులో మేజర్ లీగ్ బేస్‌బాల్ ఈ లోపాన్ని అంగీకరించి, 1920–1948 మధ్య నడిచిన ఏడు నీగ్రో లీగులకు మేజర్ స్థాయి గుర్తింపునిచ్చింది. 2024 మే నెలలో ఆ లీగులలో ఆడిన 2,300కు పైగా ఆటగాళ్ళ గణాంకాలను అధికారిక రికార్డులలో చేర్చారు.

దీని ఫలితంగా జాష్ గిబ్సన్ 0.372 జీవితకాల సగటుతో టై కాబ్‌ను దాటి ప్రథమ స్థానానికి చేరాడు. 1943లో అతని 0.466 సగటు, 1894లో హ్యూ డఫీ నెలకొల్పిన 0.440ను అధిగమించి, ఒక సీజన్ అత్యధిక సగటుగా నిలిచింది. గిబ్సన్ 1947 జనవరిలో, రాబిన్సన్ ప్రవేశానికి మూడు నెలల ముందు, 35వ ఏట మరణించాడు. నేషనల్, అమెరికన్ లీగులలో ఆడే అవకాశం అతనికి రాలేదు.

నీగ్రో లీగుల సీజన్‌లో అధికారిక ఆటలు తక్కువగా ఉండేవి గనుక ఈ పోలిక సరికాదని కొందరి అభిప్రాయం. అయితే ఆటలు తక్కువ కావడానికి కారణం కూడా వివక్షయే. జీవనోపాధికై ఈ జట్లు ఊరూరా తిరిగి ప్రదర్శన ఆటలు ఆడేవి. ఆ ఆటలు లెక్కకు రావు. గిబ్సన్ దాదాపు 800 హోమ్ రన్‌లు కొట్టాడని హాల్ ఆఫ్ ఫేమ్‌లోని అతని ఫలకంపై ఉన్నను, అధికారిక లెక్కలో 200 కంటె తక్కువే కలవు. లీగు ఆటల వివరాలు కూడా పూర్తిగా లభించలేదు. పిట్స్‌బర్గ్ కొరియర్, చికాగో డిఫెండర్ వంటి నల్లజాతి పత్రికలలోని స్కోరు పట్టికల నుండి పరిశోధకులు వీటిని సేకరించారు.

మరికొన్ని విశేషాలు

* 1919 సెప్టెంబరు 28న న్యూయార్క్ జెయంట్స్, ఫిలడెల్ఫియా ఫిల్లీస్ మధ్య 9 ఇన్నింగ్సుల ఆట 51 నిమిషాలలో ముగిసింది.
* సిన్సినాటి రెడ్స్ పిచర్ జానీ వాండర్ మీర్ 1938 జూన్ 11న, తిరిగి జూన్ 15న నో-హిట్టర్లు సాధించాడు. వెంటవెంటనే రెండు ఆటలలో ఈ ఘనత సాధించినవారు మరొకరు లేరు.
* 1951 ఆగస్టు 19న సెయింట్ లూయిస్ బ్రౌన్స్ తరఫున 3 అడుగుల 7 అంగుళాల ఎత్తుగల ఎడ్డీ గెడెల్ బ్యాటింగుకు వచ్చాడు. అతని చొక్కాపై సంఖ్య 1/8. పిచర్ బంతులు సరైన ఎత్తులో వేయలేకపోవడంతో అతనికి మొదటి బేస్ లభించింది.
* 1982 ఆగస్టు 4న జోయెల్ యంగ్‌బ్లడ్ పగలు చికాగోలో న్యూయార్క్ మెట్స్ తరఫున, జట్టు మారి అదే రాత్రి ఫిలడెల్ఫియాలో మాంట్రియల్ ఎక్స్‌పోస్ తరఫున హిట్లు కొట్టాడు.
* 1999 ఏప్రిల్ 23న ఫెర్నాండో టాటీస్ ఒకే ఇన్నింగ్స్‌లో, ఒకే పిచర్ బంతులపై, మూడు బేస్‌లూ నిండి ఉండగా రెండు హోమ్ రన్‌లు కొట్టాడు.
* 2024 జూన్ 26న వర్షం వల్ల నిలిచిన ఆటలో డానీ జాన్సెన్ టొరంటో బ్లూ జేస్ తరఫున బ్యాటింగు చేస్తున్నాడు. ఆగస్టు 26న ఆ ఆట కొనసాగేసరికి బోస్టన్ రెడ్ సాక్స్ జట్టులో ఉన్నాడు. ఈ విధంగా ఒకే మేజర్ లీగు ఆటలో ఇరుజట్ల తరఫున ఆడిన మొదటి వ్యక్తి అయినాడు.

ఇవి కూడా చూడండి

* బేస్‌బాల్
* జాకీ రాబిన్సన్
* బేబ్ రూత్