మోకాలి మార్పిడిలో అమరిక పద్ధతులు

మోకాలి కీలు మార్పిడి ఆపరేషన్‌లో కృత్రిమ కీలును ఏ కోణంలో బిగించాలో నిర్ణయించే విధానాలు ఇవి. తుంటి, చీలమండ కీళ్ల మధ్యబిందువులను కలిపే రేఖ కాలి వాలుకు కొలమానం.

యాంత్రిక అమరిక: అమెరికాలో పనిచేసిన సర్జన్ జాన్ ఇన్సాల్ ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతి. తొడ ఎముకను, దాని కింది టిబియాను వాటి యాంత్రిక అక్షాలకు (ఎముక రెండు చివర్లలోని కీళ్ల మధ్యబిందువులను కలిపే రేఖలకు) 90 డిగ్రీల్లో కోస్తారు. కాలు నిటారుగా వచ్చి, బరువు మోకాలి రెండు పక్కలా పడుతుంది. అయితే టిబియా పైతలం సహజంగా లోపలివైపు సుమారు 3 డిగ్రీలు వాలి ఉంటుంది. ఆ వాలును సరిచేసినప్పుడు బిగుసుకున్న లిగమెంట్లను కొంత వదులు చేయాల్సి రావచ్చు.

కైనమాటిక్ అమరిక: అమెరికన్ సర్జన్ స్టీఫెన్ హోవెల్ 2006లో మొదలుపెట్టారు. అరిగిన మృదులాస్థి మందాన్ని లెక్కలోకి తీసుకుని, తీసేసిన ఎముక మేరకే లోహభాగాన్ని అమర్చి, వ్యాధికి ముందున్న వాలును తిరిగి తెస్తారు. బెల్జియంలో బెలెమన్స్ బృందం 2012లో ప్రచురించిన అధ్యయనంలో 32 శాతం పురుషులకు, 17 శాతం స్త్రీలకు కాళ్లు సహజంగానే 3 డిగ్రీలు లేదా అంతకుమించి బయటివైపు వంగి (దొడ్డికాళ్లుగా) ఉన్నట్టు తేలింది. ఇది ఈ పద్ధతికి బలమైన వాదన.

మధ్యేమార్గాలు: పరిమిత కైనమాటిక్ అమరికలో వాలుకు హద్దులు పెడతారు. ఫంక్షనల్ అమరికలో సాధారణంగా రోబో సాయంతో లిగమెంట్ల బిగువును కొలిచి కోతలను సవరిస్తారు.

యాంత్రిక పద్ధతికి దీర్ఘకాలిక ఫలితాల బలం ఎక్కువ. యాంత్రిక, కైనమాటిక్ పద్ధతులను పోల్చిన పరీక్షల్లో ఏ ఒక్కటీ అన్నివిధాలా మేలని తేలలేదు.