కాశ్మీరీ చెప్పుల జత

మగవాడు మగవాణ్ణి ప్రేమించడం గురించి మన దగ్గర రెండు మాటలు వినిపిస్తాయి. అది తురకలు తెచ్చిన జబ్బు, నవాబుల దేవిడీల్లోంచి ఊళ్ల మీద పడింది అనేది ఒక మాట. అది తెల్లవాళ్ల చెత్త, మన దీన్‌లో లేదు, మన తహజీబ్‌లో లేదు అనేది మనవాళ్లే అనే రెండో మాట. ఈ రెండు మాటలు అనేవాళ్లకు ఒకరంటే ఒకరికి పడదు. కానీ ఇద్దరూ చెప్పేది ఒకటే: 'ఇది మాది కాదు, పరాయిది'. 'పరాయి' అనే మాట బరువెంతో ఈ దేశంలో ముస్లిముకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ మాటను మోసి మోసి భుజాలు కాయలు కాసినవాళ్లం. దాన్ని ఇంకొకడి నెత్తిన పెట్టేముందు కాస్త చరిత్ర తిరగేద్దాం.

ఇంగ్లాండులో షెఫీల్డ్ అనే ఇనుము, ఉక్కు పట్నానికి దగ్గర్లో, డెర్బీషైర్ కొండల్లో, మిల్‌థోర్ప్ అనే చిన్న పల్లె ఉంది. ఎడ్వర్డ్ కార్పెంటర్ అనే పెద్దింటి మనిషి 1883లో అక్కడ ఏడెకరాలు కొని ఇల్లు కట్టుకున్నాడు. 1844లో పుట్టిన ఈయన కేంబ్రిడ్జిలో చదివి, చర్చిలో పాదిరిగా పనిచేసి, 1874లో ఆ వేషం విప్పేసినవాడు. సోషలిస్టు. కూరగాయలు పండించి సంతలో అమ్మాడు. 1909లో గాంధీ 'హింద్ స్వరాజ్' రాసి చివర్న చదవమని ఇచ్చిన పుస్తకాల జాబితాలో నాగరికతను ఎండగట్టిన ఈయన పుస్తకం కూడా ఉంది.

ఈ కార్పెంటర్‌కు జార్జ్ మెరిల్ 1891 ప్రాంతంలో రైల్లో కలిశాడు. షెఫీల్డ్ మురికివాడలో పెరిగినవాడు. పెద్ద చదువు లేదు. పత్రికాఫీసులో, హోటల్లో, ఇనుము కార్ఖానాలో దొరికిన పనల్లా చేశాడు. కార్పెంటర్ కంటే ఇరవై ఏళ్లకు పైగా చిన్నవాడు. చూపులు కలిశాయి. కానీ ఒక్క ఇంట్లో ఉండడానికి ఏడేళ్లు పట్టింది. అప్పటికి మిల్‌థోర్ప్ ఇంట్లో వేరే కుటుంబం ఉండేది. కార్పెంటర్ స్నేహితులకే మెరిల్ రావడం ఇష్టం లేదు. పేదవాళ్ల గురించి ఉపన్యాసాలిచ్చే సోషలిస్టులకు పేదవాడు గడప దాటి లోపలికి రావడం మింగుడు పడలేదు! ఇది మనకు తెలియని కథ కాదు గదా.

పైగా అవి మామూలు ఏళ్లు కావు. మగవాళ్ల మధ్య ఎలాంటి 'అసభ్యత' అయినా నేరమని 1885లో ఇంగ్లాండు పార్లమెంటు చట్టం చేసింది. 1895లో ఆ చట్టం కింద ఆస్కార్ వైల్డ్ అనే గొప్ప రచయితకు రెండేళ్ల కఠిన శిక్ష పడింది. కార్పెంటర్ ఈ ప్రేమను సమర్థిస్తూ ఒక చిన్న పుస్తకం అచ్చేయించి తెలిసినవాళ్లకే పంచిపెట్టాడు. వైల్డ్ కేసు కాగానే భయపడిన ప్రచురణకర్త ఆయన కవితా సంపుటిని కూడా వదిలించుకున్నాడు. ఆ భయం మధ్యనే ఇద్దరూ కలుసుకుంటూ, విడిపోతూ, మళ్లీ కలుసుకుంటూ గడిపారు. 1898 ఫిబ్రవరిలో ఆ ఇల్లు ఖాళీ అయింది. మెరిల్ తన సామానంతా తోపుడుబండి మీద వేసుకుని, ఇద్దరు కుర్రాళ్లు సాయం పట్టగా, మంచు తుఫానులో కొండలు దాటి వచ్చాడు. వచ్చినవాడు ముప్ఫై ఏళ్లు ఉన్నాడు. 1928లో మెరిల్, 1929లో కార్పెంటర్ చనిపోయారు. గిల్‌ఫర్డ్‌లో ఇద్దరిదీ ఒకే సమాధి.

ఇంతవరకు తెల్లవాళ్ల కథ. మనకేమిటి అంటారా? ఆ ఇంట్లో ఒక జత చెప్పులున్నాయి. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ పెట్టిన అలీగఢ్ కాలేజీలో 1885 తర్వాత హెరాల్డ్ కాక్స్ అనే ఇంగ్లిషాయన లెక్కల పాఠాలు చెప్పాడు. ఆయన ఈ కార్పెంటర్‌కు స్నేహితుడు. కార్పెంటర్ అడిగితే కాశ్మీరీ చెప్పుల జత పంపాడు. వాటిని చూసి కార్పెంటర్ తనే చెప్పులు కుట్టడం నేర్చుకుని, స్నేహితులకు కుట్టిచ్చాడు. బూటు పాదానికి శవపేటిక వంటిదని ఆయన నమ్మకం.

చెప్పులే కాదు, మన దిక్కు నుంచి ఇంకొకటి కూడా వెళ్లింది. 1902లో కార్పెంటర్ స్నేహాన్ని, ప్రేమను గురించిన రచనలన్నీ ఏరి ఒక సంకలనం తెచ్చాడు. అందులో గ్రీకుల పక్కన రూమీ, సాదీ, హాఫిజ్ ఉన్నారు. అంటే తన దేశపు చట్టం తనను నేరస్తుడంటున్నప్పుడు ఆ ఇంగ్లిషువాడు 'నేను ఒంటరిని కాను' అని చెప్పుకోవడానికి మన ఫార్సీ కవుల దగ్గరికి వచ్చాడు.

సరిగ్గా అదే కాలంలో మనం ఏం చేస్తున్నాం? సర్ సయ్యద్ అనుయాయి అల్తాఫ్ హుసేన్ హాలీ 1893లో కవిత్వం మీద రాసిన ప్రసిద్ధ గ్రంథంలో, గజల్‌లో ప్రియుణ్ణి మగవాడని తెలిసేలా వర్ణించే అలవాటును తప్పుపట్టాడు. హాలీ చెడ్డవాడు కాదు. 1857లో ఓడిపోయిన జాతికి పరువు తెద్దామనుకున్నాడు. ఆ పరువుకు కొలబద్ద ఎవరిది? విక్టోరియా రాణి కాలం తెల్లదొరలది. మెకాలే 1837లో ముసాయిదా రాసిన శిక్షాస్మృతి 1860లో చట్టమై 377వ సెక్షన్ను మన మీద రుద్దింది. వాళ్లు మన గజల్లో ధైర్యం వెతుక్కుంటుంటే, మనం వాళ్ల చట్టంలో నీతి వెతుక్కున్నాం. ఈ తారుమారే వలస పాలన అంటే.

అట్లా అని గజల్ లోకమంతా పూలతోట అనను. అందులో ప్రియుడు చాలాసార్లు బానిస, చాలాసార్లు గడ్డం రాని పిల్లవాడు. ప్రేమించే హక్కు యజమానిది, కాదనే హక్కు ఎవరికీ లేదు. దాన్ని సంస్కృతి పేరుతో మోయక్కర్లేదు. మిల్‌థోర్ప్‌లో కూడా వంటా ఊడ్పూ మెరిల్‌వే, రాతబల్ల కార్పెంటర్‌దే. కానీ అక్కడ ఇద్దరూ ఎదిగిన మనుషులు. వచ్చినవాడు తన ఇష్టంతో, తన బండి తనే తోసుకుంటూ వచ్చాడు. తేడా అక్కడుంది.

ఈ కథ హైదరాబాదుకు కూడా వచ్చింది. సర్ సయ్యద్ మనవడు రాస్ మసూద్ 1906లో ఇంగ్లాండులో చదువుకుంటూ ఇ.ఎం. ఫోర్‌స్టర్ అనే యువ రచయిత దగ్గర లాటిన్ నేర్చుకున్నాడు. స్నేహం మెల్లగా ముదిరింది. కొన్నేళ్ల తర్వాత ఫోర్‌స్టర్ తన మనసు బయటపెట్టాడు. మసూద్ ఆ ప్రేమను అదే రూపంలో తిరిగి ఇవ్వలేకపోయాడు. కానీ అసహ్యించుకోలేదు, తలుపు మూయలేదు. బతికున్నంతకాలం స్నేహితుడుగానే ఉన్నాడు. మసూద్ కోసమే ఫోర్‌స్టర్ 1912లో ఇండియా వచ్చాడు. తిరిగి వెళ్లాక 1913లో మిల్‌థోర్ప్ వెళ్లి ఆ జంటను చూసి, ఒక పెద్దింటి మగవాడూ ఒక అడవి కాపలాదారూ ప్రేమించుకునే 'మారిస్' నవల మొదలుపెట్టాడు. 1914లో పూర్తయిన ఆ నవల ఆయన 1970లో చనిపోయాక 1971లో గాని అచ్చుకాలేదు. 1924లో వచ్చిన 'ఎ పాసేజ్ టు ఇండియా'ను మాత్రం మసూద్‌కు అంకితమిచ్చాడు. ఆ మసూద్ ఎవరు? 1916 నుంచి 1928 దాకా నిజాం రాజ్యంలో విద్యాశాఖ డైరెక్టరు. ఉస్మానియా విశ్వవిద్యాలయం పునాదుల్లో ఆయన చెమట ఉంది. హైదరాబాదు ముస్లిమంటే రజాకార్ ఒక్కడే గుర్తొచ్చే తెలుగు చరిత్రలో ఈ మనిషికి నాలుగు వాక్యాల చోటు కూడా దొరకదు.

ఇంగ్లాండు తన చట్టాన్ని 1967లో మార్చుకుంది. వాళ్లు మనకు అంటగట్టింది మాత్రం మన దగ్గరే ఉండిపోయింది. 2009లో ఢిల్లీ హైకోర్టు 377 కోరలు పీకితే, ఆ తీర్పు మీద సుప్రీంకోర్టుకు పోయినవాళ్లలో ముస్లిం సంస్థ ఉంది, క్రైస్తవ సంస్థలున్నాయి, ఒక హిందూ జ్యోతిష్కుడున్నాడు. బాబ్రీ మీద కలవనివాళ్లు ఇక్కడ కలిశారు! 2013లో గెలిచారు. 2018 సెప్టెంబర్ 6న ఓడారు. 2023లో పెళ్లి హక్కు అడిగితే కోర్టు ఇవ్వలేదు.

చట్టం మారింది గాని ముస్లిం ఇంట్లో పుట్టి మగవాణ్ణి ప్రేమించిన కుర్రాడి బతుకు ఎంత మారింది? బయట వాడు తురకోడు. ఇంట్లో గునాహ్‌గార్. మైనారిటీలో మైనారిటీ. మా అస్తిత్వాన్ని గుర్తించండి అని మెజారిటీని నిలదీసే మనం, మన గడప లోపలున్న వాణ్ణి నోరెత్తనివ్వకపోతే మన వాదానికి బలమెక్కడిది? లౌకిక మిత్రులకూ ఒక మాట. వాడి బాధను మా మతాన్ని తిట్టే రాయిగా వాడుకోకండి. వాడికి మీ రాయి అక్కర్లేదు, తల దాచుకునే చోటు కావాలి.

మత ధర్మం మీద ఫత్వా ఇవ్వడానికి నేను ఆలిమును కాను. మసూద్ కూడా కాదు. కానీ స్నేహితుడు మనసు విప్పినప్పుడు ఆయన చేయి వదల్లేదు. మన నుంచి ముందు అడుగుతున్నది అంతే.